పాచిపని వారానికి ఎన్నిసార్లు?

(విజయనగరంలో ఉద్యోగినుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నాకిచ్చిన అంశం 'ఇంటిపని – స్త్రీలు'. ఇది సముద్రమంత అంశం. దీని మీద సిద్ధాంత చర్చ చాలా జరిగింది, ఇంకా జరగాలి. కానీ ఈవేళ నేను ఒక చిన్న ప్రశ్న మాత్రమే తీసుకుంటాను. శ్రీకాకుళం, విజయనగరం, బొబ్బిలి, పలాస, ఏ ఊరైనా సరే, ఉద్యోగం చేసే ఆడవాళ్ళు నలుగురు కలిస్తే ఈ ప్రశ్న వస్తుంది. పాచిపనికి మనిషిని పెట్టుకుంటే రోజూ రమ్మనాలా, రోజు విడిచి రోజు చాలా? రెండు పూటలా, ఒక పూటా? లేదా రోజువారీ మనమే చేసుకుని నెలకోసారి కంపెనీ వాళ్ళని పిలిచి ఇల్లంతా కడిగించుకుంటే సరిపోతుందా?

చూడటానికిది ఇల్లు దిద్దుకునే విషయంలా కనిపిస్తుంది. వారపత్రికలో గృహిణుల శీర్షిక చదివితే తేలిపోతుంది అనిపిస్తుంది. నా ఉద్దేశంలో ఇది నలుగురి కాలానికి సంబంధించిన విషయం. ఇంటి ఇల్లాలిది, ఇంటి మగవాడిది, పనికొచ్చే మనిషిది, ఆ మనిషి ఇంట్లో ఆమె బదులు చీపురు పట్టుకునే పెద్ద కూతురిది. ఈ నలుగురిలో ముగ్గురు ఆడవాళ్ళే. నాలుగోవాడి కాలం ఎప్పుడూ లెక్కలోకి రాదు.

ఇల్లు ఎన్నిసార్లు శుభ్రం చెయ్యాలో మన అమ్మమ్మలు కూర్చుని నిర్ణయించుకోలేదు. వాళ్ళకు కేలండరే నిర్ణయించింది. పొద్దున్నే పేడకళ్ళాపి, ముగ్గు. శుక్రవారానికి మట్టి ఇంటికి అలుకు. సంక్రాంతికి గోడలకు సున్నం. మన ఉత్తరాంధ్రలో గురువారాన్ని లక్ష్మివారం అనడం మీకు తెలిసిందే. మార్గశిరం వచ్చిందంటే ప్రతి లక్ష్మివారం తెల్లారేసరికి ఇల్లు అద్దంలా ఉండాలి. ఇచ్ఛాపురం వైపు ఒడియా మాట్లాడే కుటుంబాల్లో ఈ వ్రతానికి చదివే కథ 'లక్ష్మీ పురాణం'. దాన్ని రాసింది బలరామదాసు. ఆ కథలో లక్ష్మీదేవి వ్రతం నాడు ఊరు చూడబోతుంది. అందరిళ్ళూ దాటుకుని శ్రియ అనే చండాల స్త్రీ ఇంట్లోకి వెళుతుంది. శుభ్రంగా అలికి, ముగ్గు పెట్టి ఉన్న ఇల్లు అదే మరి. ఆ తప్పుకి బలభద్రుడు పట్టుబట్టి, తమ్ముడు జగన్నాథుడి చేత లక్ష్మిని గుడిలోంచి వెళ్ళగొట్టిస్తాడు. ఆమె పోయాక అన్నదమ్ములిద్దరికీ పన్నెండేళ్ళు కూడు పుట్టదు. చివరికి ఆమె చేతి కూడే తింటారు. మనవాళ్ళు వ్రతం చేస్తారు, ఆ వ్రతానికి ఇల్లు తుడిచిన మనిషికి విడిగా ఉంచిన గ్లాసులో కాఫీ పోస్తారు. శ్రియ కథ విన్న ఇళ్ళలోనూ ఆ గ్లాసు మారలేదు.

తర్వాత గచ్చులొచ్చాయి, మొజాయిక్ వచ్చింది, ఇప్పుడు తెల్లటి టైల్సు. పేడతో అలికిన నేల మీద మట్టి కనపడదు. టైల్సు మీద వెంట్రుక కూడా కనపడుతుంది. రూత్ ష్వార్ట్జ్ కోవన్ అనే అమెరికన్ చరిత్రకారిణి 1983లో రాసిన పుస్తకంలో ఇదే చూపించింది. యంత్రాలు వచ్చినకొద్దీ ఇంటిపని తేలికైంది గానీ, శుభ్రత మీద అంచనాలు పెరిగి ఇల్లాలి పనిగంటలు అనుకున్నంతగా తగ్గలేదు. మన సంగతీ అంతే. పెరట్లో ఒకటే దొడ్డి ఉండేది, ఇప్పుడు ఇంట్లో రెండు మూడు బాత్రూంలు. కిటికీలకు దోమతెరలు, గదికో ఫ్యాను, షోకేసులో బొమ్మలు. ఇల్లు కట్టేటప్పుడు వీటినెవరు తుడుస్తారని ఏ ఇంజనీరూ అడగడు, ఏ ఇంటాయనా అడగడు. తుడిచే మనిషి జీతం మాత్రం పాత పెంకుటింటి లెక్కలోనే ఉంటుంది.

ఎవరు ఎంత చేస్తున్నారో ఇప్పుడు ప్రభుత్వ లెక్కలే చెబుతున్నాయి. 2019లో జరిగిన కాల వినియోగ సర్వేలో, ఇంటి చాకిరీ చేసేవాళ్ళనే తీసుకుంటే, ఆడవాళ్ళు రోజుకు 299 నిమిషాలు, మగవాళ్ళు 97 నిమిషాలు చేస్తున్నారని తేలింది. 2024 సర్వేలో అవి 289, 88. ఐదేళ్ళలో మనకు పది నిమిషాలు తగ్గింది, వాళ్ళకు తొమ్మిది నిమిషాలు తగ్గింది! పైగా అసలు ఏదో ఒక ఇంటిపని చేస్తున్నామన్న మగవాళ్ళు వందకు 27 మందే. మిగతా 73 మంది ఆ సగటులోకి రానేలేదు.

ఇంతటి చాకిరీలో కొంత తగ్గించుకుందామని మనిషిని పెట్టుకుంటామంటే ఇంట్లో మొదట వచ్చే మాట ఏమిటి? "నీ జీతంలో పనిమనిషికీ, ఆటోకీ పోగా మిగిలేదెంత?" పనిమనిషి జీతాన్ని ఎప్పుడూ భార్య జీతంలోంచే తీసేస్తారు. ఆ తుడిచిన నేల మీద ఆయన కూడా నడుస్తాడు, ఆ తోమిన కంచంలో ఆయనా తింటాడు. అయినా ఆయన జీతంలోంచి ఎవరూ తీసెయ్యరు. అందుకని ఆ ఇల్లాలు తన తప్పేదో కప్పిపుచ్చుకున్నట్టు, నెల ఖర్చులో ఎక్కడైనా తగ్గించాలంటే ముందు పనిమనిషి రోజులు తగ్గిస్తుంది. కేబుల్ తగ్గించదు, ఆయన స్కూటరుకి పెట్రోలు తగ్గించదు. ఇద్దరాడవాళ్ళు ఒకరి జీతంలోంచి ఒకరు కోసుకుంటూ ఉంటారు. పితృస్వామ్యం పనిచేసే తీరు ఇది. మధ్యలో మగవాడు పేపరు చదువుకుంటూ ఉంటాడు, చెడ్డవాడు కూడా కాడు.

ఇక లెక్కకు వద్దాం. అంకెలు నేను ఉదాహరణకి అనుకుంటున్నవి, మీ వీధి రేట్లు మీరు వేసుకోండి. ఒక ఇంటికి నెలకు 1500 రూపాయలనుకుందాం. ఆమె రోజూ వచ్చి గంటంపావు పనిచేస్తుంది. ముప్ఫై రోజులకు ముప్ఫై ఏడున్నర గంటలు. గంటకు 40 రూపాయలు పడుతుంది. ఇప్పుడు మీరు "రోజు విడిచి రోజు రా, జీతం సగమిస్తాను" అన్నారు. న్యాయంగానే ఉంది కదా అనిపిస్తుంది. కానీ రెండ్రోజుల దుమ్ము, రెండ్రోజుల బట్టలు, సింకులో నానిన గిన్నెలు గంటంపావులో అవుతాయా? కనీసం గంటాముప్పావు పడుతుంది. పదిహేను రోజులకు ఇరవయ్యారు గంటల పైచిలుకు. చేతికొచ్చేది 750. గంటకు 28 రూపాయల చిల్లర. పని సగం చేశామనుకుంటున్నాం, నిజానికి కూలి రేటునే కోశాం. అంతకన్నా పెద్ద నష్టం ఇంకోటుంది. ఆమె పొద్దున ఆరున్నర నుంచి ఏడూముప్పావు వరకు ఉన్న సమయం మీ ఇంటికి రాసి ఉంది. రోజు విడిచి రోజు ఖాళీ అయిన ఆ సమయాన్ని ఇంకో ఇంటికి అమ్ముకోలేదు. అందరికీ కావలసింది పొద్దున్నే. మున్సిపాలిటీ కొళాయి వచ్చేది, పిల్లలు బడికి పోయేది, మనం ఆఫీసుకు బయలుదేరేది ఒకటే వేళకు. ఆమె బతుకుతెరువంతా ఆ మూడు నాలుగు గంటల్లోనే ఇరుక్కుని ఉంది.

ఈ ఆడవాళ్ళు ఎక్కడినుంచి వస్తున్నారో కూడా చూడాలి. మన జిల్లాల్లో జూట్ మిల్లులు పలుసార్లు లాకౌట్లు ప్రకటించాయి. మిల్లు మూతపడితే మగవాడు వలసపోతాడు, ఆడమనిషి పాచిపనికి వస్తుంది. పలాసలో జీడిపప్పు పిక్క కొట్టే ఆడవాళ్ళకు కిలోల లెక్కన కూలి. వర్షాధారపు పొలాలున్న పల్లెల నుంచి కుటుంబాలకు కుటుంబాలే విశాఖకు, హైదరాబాదుకు వెళ్ళి, మగవాళ్ళు కట్టిన అపార్టుమెంట్లలోనే ఆడవాళ్ళు గిన్నెలు తోముతున్నారు. ఊళ్ళో ఉండిపోయినవాళ్ళు మన ఇళ్ళకొస్తున్నారు. తెల్లారగట్ల బయల్దేరే ఈమె ఇంట్లో పొయ్యి అలికేదెవరు? పదకొండు, పన్నెండేళ్ళ కూతురు. తమ్ముడికి అన్నం పెట్టి, గిన్నెలు కడిగి, బడికి ఆలస్యంగా పోయి, తర్వాత మానేసే పిల్ల. నాలుగేళ్ళకి తల్లికి నడుం పట్టేస్తే "మా గుంటని పంపిస్తానమ్మా" అంటుంది. పద్నాలుగేళ్ళ లోపు పిల్లల చేత ఇంటిపని చేయించడాన్ని 2006 అక్టోబరు 10 నుంచి నిషేధించారు. ఆ సంగతి తెలియని ఉద్యోగిని ఈ సభలో ఉండదనుకుంటాను.

'నాగా' అన్న మాట గురించి కొంచెం చెప్పాలి. మనం ఆఫీసుకు వెళ్ళకపోతే సెలవు. పనిమనిషి రాకపోతే నాగా. సెలవంటే హక్కు, నాగా అంటే తప్పు. మనకు క్యాజువల్ లీవులున్నాయి, సంపాదించుకున్న సెలవులున్నాయి, వైద్య సెలవుంది. 2017 సవరణతో ప్రసూతి సెలవు 26 వారాలయింది. పోరాడి సాధించుకున్నవి, ఎవరూ దానంగా ఇవ్వలేదు. ఆమెకు నాగాలు మాత్రమే ఉన్నాయి, వాటికి కోతలున్నాయి. "ఒంట్లో బాగోక రాలేదమ్మగోరూ" అంటే నమ్మం. మన పై అధికారి మన మెడికల్ సర్టిఫికెట్టుని నమ్మకపోతే యూనియనుకు వెళతాం. వారానికి ఎన్నిసార్లు పిలవాలన్న ప్రశ్నకు నా మొదటి జవాబు ఇక్కడుంది. ఏడు మాత్రం కాదు. ఎంత పెద్ద ఇల్లయినా ఆరే. ఏడో రోజు జీతంతో కూడిన సెలవు. ఇందాకటి లెక్కలోనే చూడండి. నెలకు నాలుగు సెలవులిచ్చి 1500 అలాగే ఉంచితే గంటకు 46 రూపాయలవుతుంది. మీకైన అదనపు ఖర్చు ఒక్క పైసా లేదు. నాలుగు ఆదివారాలు గిన్నెలు తోమాలి, అంతే. ఎవరు తోమాలన్నది మీ ఇంట్లో చర్చకు పెట్టండి.

ఇక ఎన్నిసార్లు అన్నదానికి నేననుకునేది చెబుతాను. వంటిల్లు, బాత్రూం రోజూ శుభ్రంగా ఉండాలి, అది ఆరోగ్యం. ఊడవడం రోజూ, నేల తడిగుడ్డ పెట్టడం వారానికి మూడుసార్లు నలుగురున్న ఇంటికి సరిపోతుంది. బూజు, ఫ్యానులు, దోమతెరలు నెలకోసారి. మంచాన పడ్డ పెద్దవాళ్ళున్న ఇంట్లో, పసిబిడ్డలున్న ఇంట్లో ఈ లెక్క చెల్లదు. ఉద్దానం వైపు కిడ్నీ జబ్బుతో డయాలసిస్ చేయించుకుంటున్న మనిషి ఉన్న ఇళ్ళు ఎన్నో. అక్కడ శుభ్రత ప్రాణానికి సంబంధించినది, అక్కడి ఇల్లాలికి మనిషి సాయం రెండు పూటలా కావాలి. ఆమెకు మాత్రం పెట్టుకునే స్తోమత ఉండదు. రోజూ ఇల్లంతా తుడిపించేది ఎవరంటే, ఎవరూ కూర్చోని డ్రాయింగు రూము ఉన్నవాళ్ళు.

కాబట్టి తగ్గించుకోవాలనుకుంటే, రోజులు తగ్గించకండి, పనులు మార్చండి. నేల తుడవని రోజున అరగంట ఫ్యానులకో, బీరువా వెనక్కో వాడుకోవచ్చు. ఆమె గంటలు అవే, జీతం అదే, మీ ఇల్లు ఇంకా బాగుంటుంది. చుట్టాలొచ్చినా, పండగొచ్చినా, ఇంట్లో పెళ్ళయినా గంటలు పెరుగుతాయి. ఆ పెరిగిన గంటలకు పాత చీర ఇచ్చి చెల్లు వెయ్యడం మానాలి. డబ్బు ఇవ్వాలి. ఆఫీసులో మనకి ఓవర్‌టైముకి బదులు పై అధికారి భార్య చీర ఇస్తే తీసుకుంటామా?

బాత్రూం గురించి రెండు మాటలు. యాసిడ్, బ్లీచింగ్ పౌడరు కలిపి పొయ్యకూడదు. కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది, తలుపు మూసిన చిన్న గదిలో అది ఊపిరితిత్తుల్ని దెబ్బ తీస్తుంది. సీసా మీద రాసింది ఆమె చదవలేకపోవచ్చు, మనం చదివి చెప్పాలి. చేతితొడుగులు కొనివ్వాలి. రెండోది, చాలా ఇళ్ళలో గిన్నెలు తోమే మనిషి వేరు, బాత్రూం కడిగే మనిషి వేరు. ఆ రెండో మనిషి వంటింటి గుమ్మం దాటదు. మన పట్టణాల్లో పారిశుద్ధ్య పని తరతరాలుగా రెల్లి కులస్థుల మీదే పెట్టారు. పాకీ పనిని నిషేధిస్తూ 1993లో ఒకసారి, 2013లో ఇంకోసారి చట్టం చేశారు. కానీ మన ఇంట్లో ఎవరు ఏ గదిలోకి రావాలన్న నిబంధన ఏ చట్టానికీ కనపడకుండా సాగుతోంది. పనిమనిషిని పెట్టుకునేటప్పుడు "ఏమిట్లు?" అని అడిగేవాళ్ళు ఇంకా ఉన్నారు.

కంపెనీ మనుషుల సంగతి. విశాఖలో, హైదరాబాదులో ఉన్న మన పిల్లలు ఫోనులో బుక్ చేస్తే యూనిఫాం వేసుకున్నవాళ్ళు యంత్రాలతో వచ్చి ఇల్లు కడిగి పోతున్నారు. మన పట్టణాల్లోనూ ఆ ఆలోచన మొదలైంది. 2025 మార్చిలో అర్బన్ కంపెనీ ముంబైలో గంటకు 49 రూపాయల ప్రారంభ ధరతో పనిమనుషుల సేవ మొదలుపెట్టి, పావుగంటలో పంపిస్తామని ప్రకటించింది. పేరులో 'మెయిడ్స్' అని పెట్టింది. విమర్శలొచ్చాక పేరు మార్చింది. తమ కార్మికులకు గంటకు 150 నుంచి 180 రూపాయలు ముడతాయని చెప్పుకుంది. ఆ తేడా ఎవరు భరిస్తారు, ఎంతకాలం భరిస్తారు అన్నది వేరే చర్చ. నాకు ఆసక్తి కలిగించింది ఒకటే. గంట లెక్క వచ్చేసరికి అందరికీ పాచిపనికి ధర ఉంటుందని గుర్తొచ్చింది. బెల్జియంలో 2004 నుంచి ఇంటిపనికి ప్రభుత్వ చీటీలున్నాయి. గంటకొక చీటీ. ఇంటివాళ్ళు కొంత కడతారు, ప్రభుత్వం కొంత కలుపుతుంది, పనిచేసే స్త్రీకి ఉద్యోగ ఒప్పందం, సామాజిక భద్రత ఉంటాయి. మన దేశంలో అది రేపు వస్తుందని నేననడం లేదు. గంటల్లో కొలవడం మాత్రం మనం ఈ నెల నుంచే మొదలుపెట్టొచ్చు.

చట్టాల కథ వేగంగా చెబుతాను. ఇంటిపనివారి కోసం 1959లోనే పార్లమెంటులో ప్రైవేటు బిల్లు వచ్చింది, నెగ్గలేదు. ఇలా భట్ అధ్యక్షతన పనిచేసిన కమిషన్ 1988లో ఇచ్చిన 'శ్రమశక్తి' నివేదిక వీళ్ళ గురించి మాట్లాడింది. మన ఆంధ్రప్రదేశ్‌లో 2007లో ఇంటిపనిని కనీస వేతనాల పరిధిలోకి తెచ్చారు. 2008 అసంఘటిత కార్మికుల చట్టం వచ్చింది. 2011లో అంతర్జాతీయ కార్మిక సంస్థ 189వ ఒప్పందం చేసింది. వారానికి ఏకబిగిన 24 గంటల విశ్రాంతి అందులో ఉంది. భారతదేశం అనుకూలంగా ఓటు వేసింది, ఇప్పటిదాకా ఆమోద ముద్ర మాత్రం వెయ్యలేదు. 2025 జనవరిలో సుప్రీంకోర్టు, ఇంటిపనివారికి చట్టం అవసరమా అని పరిశీలించడానికి కమిటీ వెయ్యమని కేంద్రానికి చెప్పింది. 1948 నాటి కనీస వేతనాల చట్టం స్థానంలో 2025 నవంబరు 21న వేతనాల కోడ్ అమల్లోకి వచ్చింది. కోడ్ వచ్చినా, వంటింట్లోకి లేబరు ఇన్‌స్పెక్టరు రాడు. అందుకని వేతనం ఇచ్చే మనం, తీసుకునే ఆమె మాట్లాడుకుని కాగితం మీద పెట్టుకోవాలి. ఏ పనులు, ఎన్ని గంటలు, ఎన్ని సెలవులు, ఎంత జీతం, మానిపించాలంటే ఎన్ని రోజుల ముందు చెప్పాలి. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టినప్పుడు "మళ్ళీ పిలుస్తాంలే" అన్న మాట మీద ఎందరు స్త్రీలు రాత్రికి రాత్రి ఆదాయం పోగొట్టుకున్నారో మనం చూశాం.

అయితే ఒక చట్టంలో మన ఈనాటి ప్రశ్నకు నేరుగా జవాబుంది. పనిచోట లైంగిక వేధింపులపై 2013 చట్టం, ఇంటిని కూడా పనిచోటే అంటుంది. తాత్కాలికమైనా, శాశ్వతమైనా, కొంతసేపైనా, రోజంతా అయినా, నేరుగా పెట్టుకున్నా, ఏజెన్సీ ద్వారా వచ్చినా ఆమె కార్మికురాలే. వారానికోసారి వచ్చి గంట పనిచేసి పోయే మనిషికీ ఆ రక్షణ ఉంది. ప్రతి జిల్లాలోనూ స్థానిక కమిటీ ఉండాలి. మూడు నెలల్లోపు ఫిర్యాదు చెయ్యాలి. ఇంటిపనిచేసే స్త్రీ ఫిర్యాదులో ప్రాథమికంగా నిజముందనిపిస్తే కమిటీ దాన్ని ఏడు రోజుల్లో పోలీసులకు పంపాలి. 2022 ఏప్రిల్‌లో మన జిల్లాలు చీలి పార్వతీపురం మన్యం కొత్త జిల్లా అయింది. మూడు జిల్లాల్లోనూ కమిటీలో ఎవరున్నారు, ఎక్కడ కూర్చుంటారు అని కలెక్టరాఫీసులో అడిగి, ఆ చిరునామా తెలుగులో అచ్చువేసి పాచిపనివాళ్ళ పేటల్లో అంటించడం మన సంఘం ఈ మూడు నెలల్లో చెయ్యగలిగిన పని.

ఇంకొకటి చెప్పి ఆపుతాను. దసరా వెళ్ళిన మంగళవారం పైడితల్లమ్మ సిరిమాను. ముందురోజు సోమవారం తొలేళ్ళు. ఊరంతా చుట్టాలే. మనకి ఇంట్లో పని రెట్టింపయ్యేదీ, ఆమె ఇంటికి ఆడపిల్లలు, అల్లుళ్ళు వచ్చేదీ ఆ రెండు రోజులే. ప్రతి ఏడూ అప్పుడే జగడం. "పండగనాడే నాగా ఎట్టేసింది" అని మనం, "మాకూ అమ్మోరి పండగే గదమ్మా" అని ఆమె. ఈసారి ఆ సోమ, మంగళవారాలు రెండూ జీతంతో సెలవని పదిహేను రోజుల ముందే చెప్పండి. ఆమె తన పిల్లల్ని పిలుచుకుంటుంది. శనివారం రెండు గంటలు ఎక్కువ చేయించుకోవలసి వస్తే ఆ డబ్బు వేరే ఇవ్వండి. ఇక ఆ రెండు రోజుల గిన్నెల వంతులు వెయ్యడానికి ఇంట్లో మగవాళ్ళనీ, వచ్చిన చుట్టాల్లో మగవాళ్ళనీ కూడా లెక్కలో వేసుకోండి. ప్రశ్నలుంటే అడగండి, ముఖ్యంగా నా లెక్క తప్పనిపించినవాళ్ళు.